ఆదివారం, ఏడు నుంచి తొమ్మిది దాకా

వనపర్తి,
12 జూన్ 2006.

చాంద్ భాయికి,

ప్రేమ్ కుమార్ వందనాలు. నీ మీద, జైనబ్ వదిన మీద, బిడ్డ జోయా మీద పైవాడి నీడ ఉండాలని కోరుతూ రాస్తున్నాను.

నువ్వు వనపర్తి పార్కు వదిలి గద్వాల పార్కుకు వెళ్ళి నేటికి ఇరవై రెండు రోజులు. ఫోను చేద్దామని రెండుసార్లు రూపాయి ఫోను డబ్బా దగ్గరికి వెళ్ళాను. మీ పక్కింటివాళ్ళు నిన్ను పిలుచుకొచ్చేసరికే నా రూపాయి బిళ్ళలు అయిపోయాయి. నువ్వు పరుగెత్తుకొచ్చినా అవి నా ముందుమాటకే చాలవు. అందుకే కాగితం. దుకాణాల బోర్డులు రాసే చెయ్యి ఇది, ఇంత చిన్న అక్షరాలకు లొంగదు. లొంగదీస్తున్నాను.

నిన్నటి ఆదివారం సంగతి విను. ఏడు గంటలకు మైకు పెట్టె భుజాన వేసుకుని పార్కుకు వెళ్తే, మన రేకుల షెడ్డు నిండా ముందురోజు ఎవరిదో పుట్టినరోజు తాలూకు పగిలిన బుడగలు, కేకు మరకలు. నువ్వు పన్నెండేళ్ళు తెల్లవారక ముందే ఊడ్చి నీళ్ళు చల్లిన బండలు అవి. నీ చోట వచ్చిన మాలి నాగప్ప చీపురు పట్టుకుని దిక్కులు చూస్తున్నాడు. పైగా నన్ను అడుగుతాడు, "రసీదు ఏది సార్?" అని.

"ఆదివారం ఏడు నుంచి తొమ్మిది దాకా ఈ షెడ్డు మా ప్రార్థనకు రాసి ఉందయ్యా, నీ బుక్కు తెరిచి చూడు" అన్నాను. చూశాడు. ఉంది. తప్పుకున్నాడు.

అంతటితో పోయిందా. సరిగ్గా తొమ్మిదికి విజిల్ ఊదాడు. నేను దీవెన మధ్యలో ఉన్నాను భాయ్, రెండు చేతులూ పైకెత్తి ఉన్నాను. షెడ్డు అద్దెకు తీసుకున్నవాళ్ళ టైము అయిపోతే మాలి విజిల్ ఊదుతాడు, ఆ కాయిదా నాకు తెలియనిది కాదు. పెళ్ళివాళ్ళ మీద ఊదావు, రిటైర్మెంటు విందుల మీద ఊదావు, ఒకసారి ఎమ్మార్వో గారి మనవడి మీద కూడా ఊదావు. పన్నెండేళ్ళలో నా మీద ఒక్కసారి ఊదావా?

ఎనిమిదింటికి నవ్వుల క్లబ్బువాళ్ళు యథాప్రకారం వచ్చారు. నువ్వుంటే వాళ్ళను జారుడుబండ వైపు తోలేవాడివి. నిన్న షెడ్డు పక్కనే నిలబడి, నేను పాపం గురించి చెబుతున్నంతసేపూ చేతులెత్తి నవ్వారు.

అన్నిటికంటే కష్టం ప్రార్థన అయ్యాక. ఎండిన ఫౌంటెను గట్టు మీద కూర్చుని, నువ్వు ఫ్లాస్కు మూత తిప్పుతూ, "ఇయ్యాల ఎవర్ని నరకానికి తోలినవ్ పాస్టర్ సాబ్" అనేవాడివి. నేను పాస్టర్ను కాదు, నా తల మీద ఎవరూ నూనె పోయలేదు, నేను నేర్చుకున్నది గోడల మీద వాక్యాలు రాస్తూ నేర్చుకున్నదే అని నేను అనేవాణ్ణి. ఆ తర్వాత గంటసేపు వాదించుకునేవాళ్ళం. నిన్న హోటల్లో టీ తాగాను. ఎవరూ ఏమీ అడగలేదు.

జోయమ్మ మంగ్నీ, మేం నిశ్చితార్థం అంటామే, ఆ సంగతి ఎక్కడిదాకా వచ్చింది? ఈస్టరు నాడు పది గంటలకు అదే షెడ్డులో జరగాల్సింది, నాగర్‌కర్నూల్ అబ్బాయి నానమ్మకు ఉన్నట్టుండి ఒంట్లో బాగాలేక వాళ్ళు వెనక్కి వెళ్ళిపోయారని చెప్పావు. ఆనాటి నుంచి ప్రతి ఆదివారం ఆమె కోసం ప్రార్థన చేయిస్తున్నాను. పేరు తెలియదు గనక "నాగర్‌కర్నూల్ నానమ్మ" అంటున్నాం. మా సంఘంలో ముసలమ్మలు కన్నీళ్ళు పెట్టుకుంటున్నారు.

చివరి మాట. నిన్ను అడగకుండా పెట్టకుండా ఊరు దాటించినవాళ్ళెవరో నేను తేలుస్తాను. దేవుడు మొదటి మనిషికి ఇచ్చిన కొలువు ఏమిటి? తోటమాలి కొలువే. ఆ కొలువు నుంచి మనిషిని తరిమే హక్కు ఒక్క ఆయనకే ఉంది, మునిసిపాలిటీకి లేదు. దరఖాస్తు రాశాను. సంతకాలు మొదలయ్యాయి. పార్కుకు నిన్ను తిరిగి తెచ్చేదాకా నోరు మూయను.

నీ సహోదరుడు,
ప్రేమ్ కుమార్


గద్వాల,
2 జులై 2006.

పాస్టర్ సాబ్ ప్రేమ్ భయ్యాకు,

చాంద్ పాషా సలాం. నేను చెబుతుంటే జోయా రాస్తోంది. నాకు తెలుగు కూడబలుక్కుని చదవడం వస్తుంది గానీ రాయడం రాదని నీకు తెలుసు. నా మాటను బడి తెలుగులోకి మార్చి రాస్తానంటోంది. రాయనీ.

ఇక్కడి పార్కు చిన్నది. బోరు నీళ్ళు ఉప్పగా ఉన్నాయి. గులాబీ మీద ఆశ వదులుకున్నాను, గన్నేరు మాత్రం బాగా పట్టింది. పిల్లల ఊయలలు మూడు, అందులో ఒకటి కిర్రుమంటుంది, దానికే పిల్లలు ఎగబడతారు. షెడ్డు ఉంది. వారానికి నాలుగు రోజులు ఎవరో ఒకరు తీసుకుంటారు.

తెల్లవారుజామున చేనేతవాళ్ళు వస్తారు. మా నడకదారి పొడుగ్గా, తిన్నగా ఉంటుంది గనక చీరకు కావలసిన నిలువు దారాలను దాని పొడవునా సాగదీసి కట్టుకుంటారు. కాయిదా ప్రకారం అది కుదరదు. ఏడు గంటల దాకా నేను అటు వైపు చూడను. ఏడింటికి నడిచేవాళ్ళు వచ్చేలోపు చుట్టుకుని పోతారు. ఎర్ర దారం, పసుపు దారం, మధ్యలో నేను నీళ్ళ పైపు పట్టుకుని దాటుతూ ఉంటాను. నువ్వు చూస్తే దాని మీద ఒక ప్రసంగం చెప్పేవాడివి.

సంతకాల పని వద్దు భయ్యా. నన్ను ఎవరూ తరమలేదు. సర్కారు కొలువు, మొక్క ఎక్కడుంటే నేను అక్కడ. నాగప్పను ఏమీ అనకు. విజిల్ ఊదడం వాడి పని. నా పని కూడా అదే ఉండె.

నానమ్మ బాగుంది. ప్రార్థన ఇక చాలించు. ఇంకా చేస్తే నూరు దాటుతుంది, వాళ్ళింట్లోవాళ్ళు పరేషాన్ అవుతారు.

ఇక్కడ కూడా ఆదివారం తొమ్మిదికి ఫ్లాస్కు చేతిలోకి తీసుకున్నాను. "ఎవరికి?" అని అడిగింది జైనబ్. మళ్ళీ గూట్లో పెట్టాను.

చాంద్ పాషా

ప్రేమ్ చాచాకు జోయా సలాం. మీ దరఖాస్తు సంగతి అబ్బా చెప్పినట్టే చేయండి.


వనపర్తి,
14 ఆగస్టు 2006.

చాంద్ భాయికి,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఫ్లాస్కు దగ్గర ఆగిపోయాను ప్రతిసారీ.

నీ వినయం నాకు కొత్తా? ఎవరైనా నీ కాలు తొక్కితే, "కాలు పెట్ట జాగ దేవులాడుతుండెనేమో, దొరికింది" అనే రకం నువ్వు. నీ తరఫున కోపం తెచ్చుకోవడానికి దేవుడు నన్ను పుట్టించాడు. అరవై మూడు సంతకాలు అయ్యాయి. నవ్వుల క్లబ్బు అధ్యక్షుడు వెంకటయ్య సారు, నేను ఇన్నేళ్ళూ గాడిదల గుంపు అన్న ఆ క్లబ్బు మనిషి, మొదటి సంతకం పెట్టాడు. "చాంద్ పాషా ఉన్నప్పుడు గడ్డి మీద మంచు కూడా మెత్తగుండె" అన్నాడు. వాడికి కవిత్వం వచ్చని నాకు తెలియదు.

కాగితాలు తీసుకుని కమిషనరు గారి దగ్గరికి వెళ్ళాను. బైబిల్లో విధవరాలు న్యాయాధిపతిని విసిగించి న్యాయం తెచ్చుకున్న సంగతి ఆయనకు వివరంగా చెప్పాను. మధ్యలో ఆయన, "నేను కూడా విసిగిపోయాను, ఫైలు పైకి పంపుతాను, ఇక కూర్చోకండి" అన్నారు. కాబట్టి పని అవుతుంది.

నాగప్పకూ నాకూ ఒకరోజు మాట పెరిగింది. "నీ మూటాముల్లె సర్దుకో, చాంద్ పాషా వస్తున్నాడు" అన్నాను. అతడు గడ్డి కోసే కత్తి కింద పెట్టి, "హౌదు సార్, మీ ఇష్టం. పోతే పోత. కానీ ఆయన వస్తడా?" అన్నాడు. రాకేం చేస్తాడు అన్నాను. అతడు కత్తి తీసుకుని మళ్ళీ గడ్డిలోకి వంగాడు. ఉత్త మొద్దు.

ఇంకొక శుభవార్త. ఒక పత్రిక విలేఖరి సెప్టెంబరు పదిహేడు, ఆదివారం ప్రార్థనకు వస్తానన్నాడు. పార్కు మాలికీ మా సంఘానికీ ఉన్న స్నేహం మీద ఫొటోతో రాస్తాడట. ఈస్టరు నాటి సంగతి చెబుతానన్నాను. ఆ రోజు వాక్యం నీకు గుర్తుండే ఉంటుంది. తెల్లవారుజామున సమాధి దగ్గర ఏడుస్తున్న స్త్రీ, లేచిన ప్రభువును చూసి తోటమాలి అనుకుంటుంది. ఆయన పేరు పెట్టి పిలిచేదాకా గుర్తుపట్టదు. నేను సరిగ్గా ఆ మాట దగ్గరికి వచ్చేసరికి జోయమ్మ నీ గది ముందు కూర్చుని మా పాట కూనిరాగం తీస్తోంది. ఒళ్ళు పులకరించింది నాకు. మైకులోనే ఆ బిడ్డను చూపించి సాక్ష్యం చెప్పాను కదా. సంఘమంతా చప్పట్లు. అలాంటి ఆదివారం నా బతుకులో మరొకటి లేదు. అది పేపర్లో వస్తే నిన్ను ఇక్కడికి తేవడాన్ని ఆపడం ఎవరి తరమూ కాదు.

దుకాణంలో కూర్చుంటే పార్కు గేటు కనబడుతుంది. సాయంత్రం లైట్లు వెలిగే వేళ నువ్వు తాళాల గుత్తి ఊపుకుంటూ వచ్చేవాడివి. ఇప్పటికీ ఆ చప్పుడు కోసం చెవి అటే పోతుంది.

నీ సహోదరుడు,
ప్రేమ్ కుమార్


గద్వాల,
27 ఆగస్టు 2006.

ప్రేమ్ భయ్యాకు,

సలాం. అరవై మూడు మందికీ నా తరఫున శుక్రియా చెప్పి దరఖాస్తు వెనక్కి తీసుకో. నేను రాను. ఎందుకని అడగకు. పన్నెండేళ్ళలో నేను నిన్ను ఒక్కటీ అడగలేదు, ఇదొక్కటి అడుగుతున్నాను.

జోయాకు ఇక్కడే ఒక సంబంధం మాట నడుస్తోంది. అబ్బాయి పేరు హఫీజ్, బస్సు డిపోలో మెకానిక్కు. మంచి ఇల్లు. రంజాన్ వెళ్ళాక మంగ్నీ అనుకుంటున్నాం. దువా చెయ్యి. నీ ఇంట్లో కూర్చుని, మనసులో చెయ్యి.

మోకాళ్ళ నొప్పికి ఏమైనా వాడుతున్నావా? షెడ్డు మెట్ల మీద నిలబడి ప్రసంగం చెప్పకు, కుర్చీ వేసుకో.

చాంద్ పాషా


వనపర్తి,
3 సెప్టెంబర్ 2006.

చాంద్ భాయ్,

మనసులో చెయ్యి అంటావా. నా మనసుకు గోడలు లేవని, అందులో ఏమున్నా వీధిలోకే వినబడుతుందని నీకు తెలియదా.

నీ ఉత్తరం నాకు కోపం తెప్పించింది, దాచను. ఎందుకని అడగకు అనడానికి నువ్వెవరు, నేనెవరు? నా ఇల్లాలు శాంతమ్మ పోయినప్పుడు మూడు రోజులు పార్కు తాళాలు జోయమ్మ చేతికిచ్చి నా గడపలో కూర్చున్నావు. అప్పుడు నేను నిన్ను ఎందుకు కూర్చున్నావని అడిగానా? అడగకూడనివి ఏవో నాకు తెలుసు. ఇది అలాంటిది కాదు. నువ్వు ఎవరికో భయపడుతున్నావు.

ఇంకొకటి. నానమ్మ బాగైందని నువ్వే రాశావు. బాగైతే నాగర్‌కర్నూల్ సంబంధం ఏమైంది? ఆమె లేచి తిరుగుతుంటే వాళ్ళు మంగ్నీకి మళ్ళీ ఎందుకు రాలేదు? ఇప్పుడు అర్థమవుతోంది. ఆ మనుషులు మాట తప్పారు. మాలి బిడ్డ అని చిన్నచూపు చూశారు. ముసలామెను అడ్డం పెట్టుకుని తప్పించుకున్నారు. ఆ అవమానం భరించలేక నువ్వు ఊరు వదిలావు. అవునా?

అయితే విను. పదిహేడున విలేఖరి వస్తాడు, ఈస్టరు సంగతి, జోయమ్మ పాట, అన్నీ చెబుతాను. మరునాడు సోమవారం బస్సెక్కి నాగర్‌కర్నూల్ వెళ్తాను. వాళ్ళ వీధి మూల మీద నిలబడి, ఇచ్చిన మాట ఎందుకు తప్పారని అడుగుతాను. ద్రాక్షతోట లాక్కున్న రాజు ఎదుట ప్రవక్త నిలబడలేదా? నేను మైకు తీసుకునే వెళ్తాను.

నిన్ను వదిలేది లేదు.

ప్రేమ్ కుమార్


గద్వాల,
8 సెప్టెంబర్ 2006.

ప్రేమ్ చాచాకు,

జోయా సలాం. ఈ ఉత్తరం నేను చెబుతుంటే నేనే రాస్తున్నాను. అబ్బాకు తెలియదు. పోస్టు డబ్బాలో వేశాక చెబుతాను.

ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి. మీ ఉత్తరాలు అబ్బాకు చదివి వినిపించేది నేను. ఆగస్టు ఉత్తరంలో విలేఖరి సంగతి, ఈస్టరు సంగతి చదవకుండా దాటేశాను. మొన్న వచ్చిన దానిలో మీరు కోప్పడ్డ మొదటి సగం మాత్రమే చదివాను. ఆయన నవ్వి, "మనిషి బాగున్నడు, గట్టిగనే ఉన్నడు" అన్నాడు. మిగతాది నా దగ్గరే ఉంది.

చాచా, నాగర్‌కర్నూల్ వాళ్ళు మాట తప్పలేదు. నానమ్మకు ఏమీ కాలేదు. ఈస్టరు నాడు వాళ్ళందరిలోకి ముందు జీపెక్కింది ఆమే.

మంగ్నీకి పది గంటలకు షెడ్డు రాసిపెట్టుకున్నాం. మీరు తొమ్మిదికి ముగిస్తారు, ఆ తర్వాత మిమ్మల్ని ఆపి, పెద్దమనిషిగా వాళ్ళ ముందు కూర్చోబెట్టాలని అబ్బా అనుకున్నాడు. ఆ రోజు పండుగ గనక మీరు ముగించలేదు. వాళ్ళు తొందరగా వచ్చి, రెండో మైకు బాకా కట్టిన చెట్టు కింద పచ్చికలో కూర్చున్నారు. కొత్త బట్టలు, గుడ్డ కప్పిన పళ్ళేలు, పదకొండు మంది. తొమ్మిదీ నలభై అయింది. మీరు నా వైపు చెయ్యి చూపించి అన్న మాట నాకు ఒక్క అక్షరం కూడా మరుపు రాలేదు. "ఈ రోజు ప్రభువు మన తోటమాలి బిడ్డను పేరు పెట్టి పిలుస్తున్నాడు. జోయా అని పిలుస్తున్నాడు. ఆమె పలుకుతోంది, వింటున్నారా?"

వాళ్ళు విన్నారు చాచా.

వాళ్ళ పెద్దాయన మునవ్వర్ సాబ్ లేచి అబ్బా దగ్గరికి వచ్చాడు. గొంతు కూడా పెంచలేదు. "భాయ్, మీ అమ్మాయి ఏ తొవ్వల ఉన్నదో ముందు మీ ఇంట్ల తేల్చుకోండ్రి. మాకు తొందర లేదు" అన్నాడు. పళ్ళేల మీద గుడ్డ తీయకుండానే జీపులో పెట్టుకుని వెళ్ళిపోయారు. మీరు ఇంకా పాట పాడిస్తున్నారు.

ఆ తర్వాత మా గల్లీలో అబ్బాను ఎవరూ తిట్టలేదు. అడిగారు. రోజూ ఒకరు అడిగారు. "నిజమేనా చాంద్ భాయ్?" అని. నేను కుట్టు క్లాసుకు వెళ్ళడం మానేశాను. నెల తిరగకుండా అబ్బా గద్వాల వచ్చి, ఇక్కడి మాలి నాగప్ప వనపర్తి వైపు వెళ్ళాలనుకుంటున్నాడని తెలుసుకుని, ఇద్దరూ ఒకరి చోటికి ఒకరు మారతామని సంతకాలు పెట్టి ఇచ్చారు. ఎవరూ బదిలీ చేయించలేదు. అడిగి తెచ్చుకున్నది. ఆ బాకా మాట వినని ఊరు కావాల్సి వచ్చింది మాకు.

అబ్బా మీ మీద ఒక్క మాట అనలేదు. తప్పు తనదే అంటాడు. "తొమ్మిదింటికి విజిల్ ఊదాల్సింది నేను. పండుగ పూట మనిషి గంత సంతోషంగ ఉంటే ఎట్ల ఊదుత?" అంటాడు. మీకెందుకు చెప్పలేదని అమ్మీ అడిగితే, "చెప్తే ఊరుకుంటడా? మాఫీ అడుగుతనని మైకు పట్టుకుని నాగర్‌కర్నూల్ పోతడు" అన్నాడు. మీరు అదే రాశారు.

నేను పాడింది నిజమే. పన్నెండేళ్ళు వింటే పాట నోటికి వస్తుంది. పాట బాగుంటుంది, అందుకే పాడాను. నేను పాడింది అబద్ధం కాదు, మీరు చెప్పింది మాత్రం నిజం కాదు.

నాలుగు అడుగుతాను. విలేఖరికి నా పేరు చెప్పకండి. నాగర్‌కర్నూల్ వెళ్ళకండి. దరఖాస్తు వెనక్కి తీసుకోండి, ఎందుకని ఎవరికీ చెప్పకండి. నాలుగోది అడగడానికి నాకు చెయ్యి రావడం లేదు. నా పెళ్ళి అయ్యేదాకా గద్వాల రాకండి. వస్తే మీరు మాట్లాడకుండా ఉండలేరు.

మీ ఉత్తరం వచ్చిన రోజు అబ్బా రెండు రొట్టెలు ఎక్కువ తింటాడు. అది కూడా మీకు తెలియాలి.

జోయా


వనపర్తి,
19 సెప్టెంబర్ 2006.

జోయమ్మకు, చాంద్ భాయికి,

నీ ఉత్తరం గురువారం అందింది. ఇది మీ నాన్నకు మొత్తం చదువు బిడ్డా. ఏదీ దాటేయకు.

ఆ రోజు దుకాణం తెరవలేదు. నాలుక గురించి ఉన్న అధ్యాయం మీద నేను ఇప్పటికి పదకొండుసార్లు ప్రసంగించాను. నోటు పుస్తకంలో తారీఖులు ఉన్నాయి. పదకొండుసార్లూ ఎదుటివాళ్ళ నాలుక గురించే చెప్పానని ఇప్పుడు తెలిసింది.

సాయంత్రం పార్కుకు వెళ్ళి నాగప్పను అడిగాను. "హౌదు సార్, ఆయనే నా కాడికి వచ్చిండు. ఎవ్వరికీ చెప్పొద్దన్నడు, అందుకే మీకు చెప్పలే" అన్నాడు. అతని భార్యది మా వైపు ఊరే, వీపనగండ్ల. ఆమె తల్లి సాయమ్మకు చూపు పోయింది. ఒక్కతే ఉంటుంది. వీళ్ళు వారానికి రెండుసార్లు వెళ్ళి వండిపెట్టి వస్తారు. నేను మూటాముల్లె సర్దుకోమన్న రోజున కూడా అతడు ఆ మాట చెప్పుకోలేదు. నేను అతని దగ్గర చేతులు జోడించాను. అతడు కంగారుపడి నాకు కూడా చేతులు జోడించాడు. కాసేపు అట్లాగే నిలబడ్డాం.

ఆదివారం విలేఖరి వచ్చాడు. "చాంద్ పాషా సంగతి చెబుతానన్నారు కదా" అన్నాడు. "ఏముంది బాబూ, పార్కులో ఊయల గొలుసు తెగింది, దాని మీద రాయండి" అన్నాను. రాశాడు. నిన్న గొలుసు కొత్తది వేశారు.

దరఖాస్తు వెనక్కి తీసుకున్నాను. కమిషనరు గారు కారణం అడిగారు. లేదన్నాను. అరవై మూడు ఇళ్ళకూ తిరిగి చెప్పాను. మా సంఘంలో బాలనాగమ్మ, "నాగప్ప కాడ చాయ తాగి మెత్తవడ్డవా ప్రేమన్నా?" అంది. వెంకటయ్య సారు, "మాతోని సంతకాలు చేయించి నవ్వులాట చేస్తున్నవా?" అన్నాడు. నవ్వులాట మీ క్లబ్బు పని కదా అని నాలుక చివరిదాకా వచ్చింది. మింగాను. చాంద్ భాయ్, నీతో తగాదా పడ్డానని కొందరు, డబ్బు తిన్నానని కొందరు అనుకుంటున్నారు. అనుకోనీ.

ఒక్కటి మాత్రం నన్ను కోస్తోంది, అది చెప్పుకోనివ్వండి. నేను తప్పు చేస్తే పదిమంది ముందు మోకరించి ఒప్పుకునేవాణ్ణి. అదే నాకు తెలిసిన దారి. ఈ తప్పు ఒప్పుకోవాలంటే ఆ బిడ్డ పేరు మళ్ళీ ఎత్తాలి. కాబట్టి ఒప్పుకోవడానికి కూడా వీలులేదు. అర్పణ తెచ్చినవాడు దాన్ని బలిపీఠం ముందే వదిలి, ముందు వెళ్ళి సహోదరుడితో సమాధానపడాలని నాకు ఆజ్ఞ ఉంది. మధ్యలో ఉన్నది ఒక్క కృష్ణానది, బీచుపల్లి వంతెన దాటితే గంట ప్రయాణం. రావద్దని జోయమ్మ ఆజ్ఞ. రెండింటిలో ఏది దేవునిదని మూడు రోజులు మోకాళ్ళ మీద ఉన్నాను. రాను బిడ్డా.

ఎనిమిదీ యాభైకే ముగిస్తున్నాను. మైకు పెట్టె అటక మీద ఉంది. ముందు వరుసకు వినబడితే చాలు.

మాఫీ అడగడం ఎట్లాగో నాకు మెల్లగా రాదు భాయ్. నేర్చుకుంటున్నాను.

ప్రేమ్ కుమార్


వనపర్తి,
11 జనవరి 2007.

చాంద్ భాయ్,

ఈ రోజు గురువారం, జోయమ్మ నికా. నువ్వు పంపిన కార్డు అందింది. కార్డు మీద నా పేరు రాసింది జోయమ్మే అని అక్షరం చూసి గుర్తుపట్టాను. రాకూడదని తెలిసి కూడా పంపారు. దాన్ని దుకాణం అద్దానికి లోపలివైపు అంటించాను, బయటివాళ్ళకు కనబడదు.

పొద్దున్న బస్టాండు నుంచి పని వచ్చింది. బస్సుల ముందు పెట్టే ఊరి పేర్ల రేకులు మాసిపోయాయట. ఈ ఫ్లెక్సీల కాలంలో నా కుంచెను ఎవరైనా పిలవడమే గొప్ప. పదహారు రేకులు ఇచ్చారు. చూస్తే అందులో తొమ్మిది గద్వాలవే.

పసుపు మీద నల్లరంగుతో గద్వాల, గద్వాల అని తొమ్మిదిసార్లు రాశాను. నువ్వు పంచె కట్టి కొత్త తువ్వాలు వేసుకున్నావో, పైజామా తొడిగావో. షెడ్డు నువ్వే ఊడ్చుకున్నావా, పెళ్ళికూతురు తండ్రివి, ఇంకెవరికైనా చెప్పావా. రంగు ఆరకముందే డ్రైవరు వచ్చి ఒక రేకు పట్టుకుపోయి బస్సుకు తగిలించాడు. "ఎక్కుతవా పెద్దాయనా, సీటు ఖాళీ ఉంది" అన్నాడు.

లేదన్నాను. బస్సు మలుపు తిరిగేదాకా చూశాను. చేతులకు రంగు ఉంది, లేకపోతే ఏమి చేసేవాణ్ణో చెప్పలేను.

పిల్లలు చల్లగా ఉండాలి. మనసులోనే చేశాను.

ప్రేమ్ కుమార్


గద్వాల,
12 ఫిబ్రవరి 2007.

పెద్దలు ప్రేమ్ కుమార్ గారికి,

ఆదాబ్. నా పేరు హఫీజ్, చాంద్ పాషా గారి అల్లుణ్ణి. జోయా ఇప్పుడు మా ఇంట్లో ఉంది గనక ఉత్తరాలు రాసే పని నాకు వచ్చింది. ఇక్కడి నుంచి మామ చెప్పే మాటలు.

భయ్యా, సలాం. నీ సెప్టెంబరు ఉత్తరం జోయా మొత్తం చదివింది. రెండోసారి చదవమన్నాను. జవాబు ఏం చెప్పాలో తెల్వలేదు. అందుకే చెప్పలేదు, కోపంతో కాదు. నాగప్పకు నువ్వు చేతులు జోడించిన సంగతి విని జైనబ్ ఏడ్చింది, నేను నవ్విన. మీరిద్దరు నిలబడి ఉన్నది కండ్ల ముందు కనబడ్డది.

పెళ్ళయిన వారానికి జోయా అన్నీ హఫీజుకు చెప్పిందట. తనే చెప్పింది, ఎవరూ చెప్పమనలేదు. నాకు గుండె ఆగినంత పనైంది. వాడు రాత్రి షిఫ్టు ముగించుకుని తిన్నగా నా దగ్గరికి వచ్చి, "ఆ చాచా ఇంతవరకు రాలేదేంది?" అన్నాడు. అంతే అడిగిండు.

మధ్యలో హఫీజ్ మాట: ఇదంతా నా గురించే రాయిస్తున్నాడు గనక నాకు సిగ్గుగా ఉంది, అయినా మామ మాట మామదే. మిగతాది వినండి.

భయ్యా, ఆదివారం వద్దు. ఆదివారం నీకు నీ మనుషులుంటారు, నాకు ఇక్కడ పుట్టినరోజులుంటాయి. ఇరవయ్యో తారీఖు మంగళవారం షెడ్డు ఖాళీ. సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా నీ పేరు మీద రాయిస్తున్న. మైకు ఎట్లయినా పనిచెయ్యదు, మంగళవారం మాకు కరెంటు ఉండదు. ఏమన్నా మాట్లాడాలనుకుంటే మాట్లాడు. వద్దనుకుంటే గన్నేరు చూద్దాం.

ఇక నా మాట. ఇప్పుడే పార్కు బుక్కు తెచ్చి నా ముందు పెట్టారు. పేరు గడిలో మీ పేరు రాశాను. ఊరు, తారీఖు, టైము రాశాను. కార్యక్రమం అనే గడి దగ్గర ఆగి, ఏం రాయమంటారని అడిగాను. మంగ్నీ, పసిబిడ్డ అఖీఖా, పుట్టినరోజు, ఏదో ఒకటి రాయాలి కదా, లేకుంటే ఆఫీసువాళ్ళు అడుగుతారు. మామ ఆ గడి మీద వేలు పెట్టాడు. "ప్రేమ్ భయ్యా వస్తున్నడు" అని రాయమన్నాడు.

అదే రాశాను. కింద ఆయన సంతకం పెట్టాడు.

హఫీజ్